బిలాస్‌పూర్‌లో గురువుగారికి స్కూటీ నేర్పడం

రాత్రి తొమ్మిదికి విజయనగరంలో కోర్బా రైలెక్కాను. మా గురువుగారు అప్పలనాయుడుగారికి కాలేయంలో కేన్సర్. రెండు మూడు నెలలకు మించి చెప్పలేమన్నారట డాక్టర్లు. గూడ్సు ఇంజనులో ఆయన పక్కన అసిస్టెంటుగా కూర్చుని ఆరేళ్ళు పని నేర్చుకున్నవాణ్ణి నేను. "ఒరే సూర్యం, వేగం రా, ముఖ్యమైన పనుంది" అని ఫోన్ చేశారు. చివరి మాటలేవో చెబుతారనుకుని ఓ నోటుపుస్తకం కూడా కొన్నాను.

పొద్దున్న రాయపూర్ దాటాక టీ తాగుతుంటే, ఎదుటి బెర్తు పెద్దావిడ నా ప్రయాణం సంగతి అడిగి తెలుసుకుంది. "ఆయన ముందు ఏడవకు నాయనా. మా ఆయన్ని ఆఖర్రోజుల్లో చూడ్డానికొచ్చినోళ్ళందర్నీ ఆయనే ఓదార్చాల్సొచ్చింది" అంది.

పది దాటాక బిలాస్‌పూర్‌లో దిగాను. గురువుగారుండే తార్‌బహార్ పేట స్టేషన్‌కి దగ్గరే. సామాను లేకపోతే నడిచి వెళ్ళొచ్చు. గురువుగారు గుమ్మంలోనే నిలబడి ఉన్నారు. మనిషి సగమైపోయారు, కళ్ళు పచ్చబడ్డాయి. నెత్తిన మాత్రం హెల్మెట్!

"వచ్చేవా! స్కూటీ నేర్పాలిరా నాకు."

"స్కూటీ ఏటండీ ఇప్పుడు?"

"ఇరవయ్యేళ్ళు మా ఆవిడ నడుపుతుంటే వెనకాల కూకున్నాను. ఒక్కసారైనా ఆవిణ్ణి ఎక్కించుకుని బజారుకెళ్ళాల."

"అచ్ఛా! జబ్బు చాల్లేదని కాలు కూడా ఇరగ్గొట్టుకుంటారట!" అని లోపలినుంచి ఆయన భార్య సత్యవతమ్మగారు అరిచారు.

వంకాయ కూర, చారుతో నేను భోంచేశాను. ఆయన నాలుగు మెతుకులు పెరుగన్నం తిన్నారు. నాలుగింటికి రైల్వే కాలనీ మైదానానికి వెళ్ళాం. చిక్కేమిటంటే, ఇంజనుకి హ్యాండిల్ ఉండదు. పట్టా ఎటు తిరిగితే అటే పోతుంది. ముప్పయ్యయిదేళ్ళ అలవాటు!

"గురువుగారూ, తిప్పండి!" అంటూ వెనకాల పరుగెత్తాను.

"పట్టా తిప్పాల గానీ నేనేటి తిప్పుతానురా!"

తిన్నగా ఎవరివో ఆరేసిన బట్టల్లోకి దూసుకెళ్ళారు. బయటికొచ్చేసరికి హెల్మెట్ మీద ఆకుపచ్చ లంగా. "గ్రీన్ సిగ్నల్‌రా!" అన్నారు. మైదానంలో మేస్తున్న మేకలు పారిపోయాయి.

కాసేపటికి నొప్పొచ్చి నేలమీద కూలబడ్డారు. ఏం చెయ్యాలో తోచక నోటుపుస్తకం తీసి, "ఏమైనా చెప్పండి, రాసుకుంటాను" అన్నాను.

"ఏటి చెప్పమంటావు? భయమేస్తందిరా. దీనిమీద కూకుంటే మాత్రం ఎదురుగా ఉన్న మేక తప్ప ఇంకేటీ గుర్తుకి రాదు" అన్నారు. ఒక్క అక్షరం రాయలేకపోయాను.

ఇంజనులో నన్ను ఏదీ రెండోసారి అడగనిచ్చేవారు కాదు. ఆ సాయంత్రం మలుపు ఎలా తిప్పాలో నన్ను ఎనిమిదిసార్లు అడిగారు. ఎనిమిదిసార్లూ చెప్పాను.

మర్నాడు పొద్దున్న ఎనిమిదింటికి సత్యవతమ్మగారు కళ్ళు గట్టిగా మూసుకుని వెనక ఎక్కారు. సందు చివర ఆయన రెండు కాళ్ళూ నేలమీద పెట్టి, బాతులా నడుస్తూ బండి తిప్పారు. పావుగంటకి కొత్తిమీర కట్టతో తిరిగొచ్చారు.

"బోగీ గట్టిగా తగులుకుందిరా!" అన్నారు, నడుం చుట్టూ ఉన్న ఆవిడ చేతులు చూపిస్తూ. ఆవిడ నవ్వుతూనే కొంగుతో కళ్ళు తుడుచుకున్నారు.

సాయంత్రం తిరుగు రైలెక్కాను. మళ్ళీ ఆయన్ని చూస్తానో లేదో తెలియదు. ఆయన దగ్గర ఇంకేదో నేర్చుకుందామని వెళ్ళి, ఆయనకే నేర్పి వస్తున్నాను. చావుకి భయపడుతూ కూడా మనిషి అంత సరదాగా తప్పులు చెయ్యగలడని నాకు తెలియదు.

రైలు కదిలాక ఇంటికి ఫోన్ చేసి, ఈత క్లాసులు ఎక్కడ చెబుతున్నారో కనుక్కోమన్నాను.

"మనకి చిన్నపిల్లలెవరున్నారు?" అంది మా ఆవిడ.

"నాకే" అన్నాను.