పగలగొట్టని గోడలు

మా దాదా పోయారు. పోయిన వారం సంత్రాగాఛిలో, కొడుకు ఉండే రైల్వే క్వార్టర్స్‌లో, పొద్దున టీ తాగుతూనే గుండె ఆగిందట. ఆ రోజు నేను మా కంపెనీ యార్డుకు చేరేసరికి క్రేను ఆపేసి అందరూ ఊరికే నిలబడి ఉన్నారు. ఎవరూ చెప్పకముందే అర్థమైంది.

కాంక్రీటు గోడలూ మెట్లూ యార్డులోనే పోతపోసి, లారీల మీద సైటుకు పంపి బిగించే కంపెనీ మాది. పోతకు వెళ్లే ప్రతి డ్రాయింగునూ ఆయనే సరిచూసేవారు. తాతల నాడు శ్రీకాకుళం నుంచి బెంగాల్ వచ్చి స్థిరపడ్డ కుటుంబం ఆయనది. యార్డంతా బెంగాలీలో దాదా, అంటే అన్నా, అంటుంటే, డ్రాయింగులు గీసే పనికి విజయవాడ నుంచి కొత్తగా వచ్చిన నేనూ అలాగే పిలిచాను.

కాగితం మీది అంకెను నమ్మేవారు కాదు. టేపు పట్టుకుని, బస్సెక్కి సైటుకు వెళ్లి కొలుచుకొచ్చేవారు. "పోసే ముందైతే ఇది కాగితమే తల్లీ, రబ్బరుతో పోద్ది. పోసేసేక ఏటి చేస్తావు?" అనేవారు.

ఆయన సెలవులో ఉన్న వారం నేను తొందరపడ్డాను. స్నానాల గదుల గోడల్లో తలుపు సందు ఎడమ పక్కకు బదులు కుడి పక్కకు గీశాను. ఐదు గోడలు పోసేశారు. పగలగొట్టి పారేయమన్నాడు మేనేజరు. నా ఉద్యోగం పోయిందనుకున్నాను.

దాదా తిరిగొచ్చి ఆ గోడల చుట్టూ నడిచారు. "తప్పు నీది తల్లీ, గోడదేటి? తప్పుల రిజిస్టర్లో నీ పేరు రాయి," అన్నారు. ఏడుస్తూనే రాశాను. ఆయన మేనేజరు దగ్గరికెళ్లి, ఆడకూలీలకు మరుగుదొడ్డి లేదనీ, ఆ గోడలతో కట్టిద్దామనీ అడిగారు. కుదరదన్నాడు. మూడు రోజులు వెంటపడి ఒప్పించారు.

ఎత్తుతుంటే ఒక గోడ చీలింది. దాన్ని పగలగొట్టినంతసేపూ అక్కడే నిలబడ్డారు, నన్నూ నిలబెట్టారు. మిగిలిన నాలుగింటితో, అక్కర్లేని సందులు ఇటుకలతో మూయించి, గది లేపారు. లోపల గడియ వేసి చూసుకుని బయటికొచ్చిన కూలీ ఆవిడ, "ఇక పగలు నీళ్లు తాగొచ్చు దాదా," అంది బెంగాలీలో. వాళ్లు అన్నాళ్లూ తాగడం లేదని నాకు తెలియనే తెలియదు.

చివరి నెలల్లో ఒంట్లో బాగోక ఇంటి నుంచే ఫోనులో నా కొలతలు వినేవారు. నిన్న ఒక మెట్ల డ్రాయింగు పంపబోతూ, అలవాటుగా ఆయన నంబరు నొక్కేశాను. వాళ్లావిడ తీశారు.

"ఏటమ్మా, డ్రాయింగేనా?" అన్నారు.

ఔనన్నాను. ఇద్దరమూ ఫోను పెట్టేయలేదు. అవతల వాళ్ల కిటికీ పక్కన లోకల్ రైలొకటి వెళుతున్న చప్పుడు, చాలాసేపు.