ఉపవాసం నాటి మూడో సెట్టు

ఆ శుక్రవారం ఉదయం నేను మంచినీళ్లు కూడా ముట్టుకోలేదు. మద్రాసులో ఒక టెన్నిస్ క్లబ్బు వెనక ఆటగాళ్లకు ఇచ్చిన గదిలో మోకరించి ప్రార్థన చేసుకున్నాను. రెండు రాకెట్లూ సంచిలో పెట్టుకుని ఖాళీ కడుపుతో కోర్టు వైపు నడిచాను. మ్యాచ్ పదకొండు గంటలకు. ఎమర్జెన్సీ ఎత్తేసిన మరుసటి ఏడాది మార్చి నెల అది. ఎండ అప్పటికే కళ్లలో పొడుస్తోంది.

ఆ మ్యాచ్ గెలిస్తే నేను ప్రొఫెషనల్ ఆటగాణ్ణి. ఓడిపోతే తిరువూరు వెళ్లి జూన్‌లో బి.ఎడ్.లో చేరాలి. అది నాన్నగారి మాట. నేను ఒప్పుకున్న మాట.

నాన్నగారు తిరువూరులో మిషన్ స్కూలు హెడ్మాస్టరు, మా చర్చి సంఘానికి పెద్ద. పాస్టరు గారు నెలకు ఒక ఆదివారమే వచ్చేవారు. మిగతా ఆదివారాలు ఆరాధన నడిపేది నాన్నగారే. నేను రాకెట్టు మొదటిసారి పట్టుకుంది గుంటూరులో కాలేజీకి వెళ్లాక. హాస్టలు వెనక మట్టి కోర్టు ఒకటి ఉండేది. మొదటి ఏడాది అక్కడ అందరి చేతుల్లోనూ ఓడాను. రెండో ఏడాది చివరికి కాలేజీలో నన్ను ఓడించేవాళ్లు లేరు. మూడో ఏడాది యూనివర్సిటీ పోటీల్లో గెలిచాను. సెలవులకు ఇంటికొస్తే కోర్టు లేక చర్చి వెనక గోడకు కొట్టేవాణ్ణి. ఆ గోడ మీద నెట్టు ఎత్తున బొగ్గుతో గీత గీసి ఇచ్చింది నాన్నగారే.

"ఆరాధన జరిగేటప్పుడు మాత్రం కొట్టకు. దేవుడు ఓర్చుకుంటాడు గానీ గుమాస్తా గారు ఓర్చుకోరు" అన్నారు.

గుమాస్తా గారంటే తాలూకా ఆఫీసులో పనిచేసే మా సంఘంలోని రెండో పెద్ద. బైబిలు వాక్యం ఆయనకు తెలిసినంతగా నాన్నగారికి కూడా తెలియదని ఊళ్లో అనుకునేవారు.

డిగ్రీ పూర్తయ్యాక నాన్నగారు ఒక్క ఏడాది గడువిచ్చారు. ఆ ఏడాది చివర వచ్చిన అవకాశం మద్రాసు పోటీ. పేరున్న ఆటగాళ్లకు అందులో నేరుగా చోటు ఉంటుంది. నాలాంటివాళ్లు ముందు మూడు రోజుల్లో మూడు మ్యాచ్‌లు గెలిచి లోపలికి రావాలి. అలా వస్తే ఆ తరువాత ఐదు వారాలు ఐదు ఊళ్లలో జరిగే ప్రొఫెషనల్ పోటీలకు పిలుపు వస్తుంది. నేను బయలుదేరింది మంగళవారం. బుధ, గురువారాలు నెగ్గితే మూడో మ్యాచ్ శుక్రవారం పడుతుంది. శుక్రవారం మా సంఘానికి ఉపవాస కూడిక.

బస్టాండులో నాన్నగారు అందరి ముందూ చెప్పారు. "ఈ శుక్రవారం సంఘమంతా నీకోసమే ఉంటుంది. పొద్దున్నించి సాయంత్రం ప్రార్థన దాకా పచ్చి మంచినీళ్లు కూడా ముట్టం. నువ్వూ అక్కడ అలాగే ఉండు. గెలిచి వస్తే సంఘం నీ తల మీద చేతులుంచి ప్రార్థించి నిన్ను పంపుతుంది. సంఘం పంపితేనే వెళ్లాలి."

"అలాగే నాన్నా" అన్నాను.

అమ్మ కిటికీలోంచి చక్కిలాల పొట్లం అందిస్తూ, "గురువారం లోపలే తినెయ్యి" అంది.

ఎండలో మూడు గంటలు పరిగెత్తే మనిషి పస్తు ఉండవచ్చా అన్న ఆలోచన అక్కడ ఎవరికీ రాలేదు. నాకూ రాలేదు. ఉపవాసం ఉంటే బలం వస్తుందని చిన్నప్పటి నుంచి విన్నాం, చూశాం కూడా. కానీ మేమందరం ఉపవాసం ఉన్నది నీడలో, చాప మీద కూర్చుని.

మొదటి సెట్టు ఆరు-నాలుగుతో గెలిచాను. ఎదుటివాడు కలకత్తా కుర్రాడు, ఎడమచేతి వాటం. వాడి సర్వీసు నా బ్యాక్‌హ్యాండుకు దూరంగా వంకర తిరిగి పోయేది. అయినా అందుకున్నాను. దేవుడు నాతో ఉన్నాడని లోపల గట్టిగా అనుకున్నాను. రెండో సెట్టు మూడో గేములో కుడి పిక్క ఒక్కసారి బిగిసింది. ఆపైన సర్వీసుకు బంతి పైకి ఎగరేస్తే రెండుగా కనిపించడం మొదలైంది. ఏ బంతిని కొట్టాలో తెలియక మధ్యలో కొట్టాను. చెమట పట్టడం ఆగిపోయి, ఒళ్లు చల్లబడింది. ఆ సెట్టు ఒకటి-ఆరుతో పోయింది. అదంతా పావుగంట పని.

వైపులు మారేటప్పుడు నెట్టు పక్కన కుర్చీలో కూలబడ్డాను. ఆ క్లబ్బులో కోర్టులు చూసుకుంటూ సభ్యులకు ఆట నేర్పే పెద్దాయన ఒకరుండేవారు. యాభై ఏళ్లు దాటిన మనిషి. అరవ యాస కలిసిన తెలుగు మాట్లాడేవారు. నీళ్ల కూజా పట్టుకుని నా ముందుకొచ్చారు. నేను తల అడ్డంగా ఊపాను.

"ఏం సామీ, నీళ్లు వద్దా? పొద్దున ఏం తిన్నావు?"

"ఏం తినలేదండీ. ఉపవాసం."

ఆయన కూజా కింద పెట్టేశారు. "ఉపవాసమా? మీ దేవుడు నిన్ను ఆడమన్నాడా, చావమన్నాడా?"

"మాటిచ్చానండీ."

"ఎవరికి?"

ఆయన వెళ్లి రెండు అరటిపళ్లు, ఉప్పు వేసిన నిమ్మకాయ నీళ్లు తెచ్చి నా ఒడిలో పెట్టారు. "ఇంకో రెండు గేములు. ఆ తరువాత నిన్ను మోసుకుపోవాలి. నేను మొయ్యను, నాకు నడుంనొప్పి."

అంపైరు టైమ్ అన్నాడు. ఎదుటివాడు లేచి నిలబడ్డాడు. తిరువూరులో ఆ వేళకు చాపలు పరిచి ఉంటారు. అమ్మ ముందు వరుసలో ఉంటుంది. ప్రభువా, నన్ను క్షమించు అని అడిగానో, నాకు చెప్పు అని అడిగానో ఇప్పుడు గుర్తు లేదు. జవాబు మాత్రం వినబడలేదు. తొక్క తీసి ఒక పండు రెండు ముక్కల్లో మింగాను. నీళ్లు తాగాను. రెండో పండు మరో మూడు గేముల తరువాత తిన్నాను.

మూడో సెట్టులో సున్నా-మూడు నుంచి మళ్లీ లేచాను. కాలు పట్టేసినప్పుడల్లా రాకెట్టు అంచుతో పిక్క మీద కొట్టుకుంటూ ఆడాను. ఏడు-ఐదు. చివరి బంతి వాడు నెట్టులోకి కొట్టాడు. నేను చేతులెత్తలేదు. ఎత్తితే ఎవరిని స్తుతిస్తున్నట్టు? ఆ ప్రశ్న అప్పటికే మొదలైంది.

గెలిచానని పోస్టాఫీసు నుంచి ఇంటికి తంతి కొట్టాను. అరటిపళ్ల సంగతి తంతిలో పట్టదని నాకు నేను చెప్పుకున్నాను. పెద్ద పోటీలో మొదటి మ్యాచ్ నెగ్గి రెండోది ఓడాను. ఐదు వారాల పోటీలకు పిలుపు చేతికొచ్చింది. దాంతో పాటే నాన్నగారి ఉత్తరం కూడా వచ్చింది. ఉపవాసానికి దేవుడు ఇచ్చిన జవాబు గురించి ఆదివారం సంఘం ముందు నువ్వు సాక్ష్యం చెప్పాలి, ఆ వెంటనే చేతులుంచి పంపుతాం అని రాశారు. మద్రాసు నుంచి బెజవాడ దాకా రైల్లో, అక్కణ్ణించి బస్సులో ఆ సాక్ష్యాన్ని రెండు రకాలుగా తయారు చేసుకున్నాను. ఒకదానిలో పళ్ల సంగతి లేదు. అబద్ధం ఒక్కటి కూడా లేదు. వినడానికి అదే బాగుంది.

ఆదివారం చర్చి నిండింది. గంపలగూడెం వైపు నుంచి కూడా వచ్చారు. నేను లేచి నిలబడగానే స్తోత్రాలు చెప్పారు. మొదటి సెట్టు చెప్పాను, పిక్క పట్టడం చెప్పాను. అక్కడ ఆగాను. అందరూ ముందుకు వంగి వింటున్నారు. ఇంకొక్క వాక్యంతో గెలుపు దగ్గరికి వెళ్లిపోవచ్చు.

"అప్పుడు నేను ఉపవాసం విడిచిపెట్టాను. రెండు అరటిపళ్లు తిని, నీళ్లు తాగి, గెలిచాను."

మొదట మాట్లాడింది వినగడప మామ్మ. కూలిపని చేసుకునే మనిషి. ఆ శుక్రవారం కూడికకు తన ఊరు వినగడప నుంచి నడిచి వచ్చింది.

"ఏంటబ్బాయ్! మిరపకోత మానుకుని, నోట్లో ఉమ్మి మింగడానిక్కూడా భయపడి మేమిక్కడ కూర్చుంటే, నువ్వక్కడ అరటిపళ్లు లాగించావా?"

ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. గుమాస్తా గారు లేచారు. "మేస్టారూ, మీ అబ్బాయి కాబట్టి నేను మాట్లాడకూడదండి. కానీ దేవుని ముందు ఇచ్చిన మాట అది. మాట తప్పినవాణ్ణి చేతులుంచి పంపితే రేపు పిల్లలకేం చెబుతాం?"

నాన్నగారు నా వైపు చూశారు. "తినకపోతే ఏమయ్యేది?"

"పడిపోయేవాణ్ణి నాన్నా."

మామ్మ మళ్లీ అందుకుంది. "నాకు చదువు రాదు మేస్టారూ, మీరు చదివిందే వినడం. యుద్ధం నాడు సాయంత్రం దాకా ఎవరూ తినకూడదని సైన్యానికి ఒట్టు పెట్టిన రాజొకడు లేడూ? వాడి కొడుకు కర్ర కొసతో ఇంత తేనె నాకితే చంపేస్తానన్నాడు. అప్పుడు జనం ఏం చేశారు?"

"చంపనివ్వలేదు" అన్నారు నాన్నగారు.

"మరి? ఈణ్ణేం చేద్దాం? చంపుదామా?"

"ఒట్టు పెట్టినప్పుడు ఆ కొడుకు అక్కడ లేడు మామ్మా, వినలేదు" అన్నారు గుమాస్తా గారు నిదానంగా. "ఈ అబ్బాయి విన్నాడు, ఒప్పుకున్నాడు."

ఆ మాటకు నా దగ్గర ఈ రోజుకీ జవాబు లేదు. నన్ను పంపే మాట అక్కడితో అయిపోయిందనుకున్నాను.

నాన్నగారు బైబిలు మూసి బల్ల మీద పెట్టారు. "ఒట్టు పెట్టింది నేను. ఆడేవాడికి తిండి మాన్పించాను. ఎండలో ఎలా ఉంటాడని ఒక్క మాట అడగలేదు. ముందు తప్పు నాది. మాటిచ్చి తప్పాడు, అది వాడి తప్పు. ఇద్దరి కోసం ప్రార్థించండి. చేతులుంచాలని ఉన్నవాళ్లు రండి. మనసు రానివాళ్లు కూర్చోండి, నేనేమీ అనుకోను."

మోకరించి కళ్లు మూసుకున్నాను. చాలాసేపు ఒక్క చెయ్యీ పడలేదు. చాపలు కదిలిన చప్పుడు విన్నాను గానీ, అది వచ్చేవాళ్లదో బయటికి పోయేవాళ్లదో తెలియలేదు. తరువాత నెత్తి మీద ఒక అరచెయ్యి పడింది, గరుగ్గా. దాని మీద ఇంకొకటి. భుజాల మీద కొన్ని. ప్రార్థన అయ్యాక కళ్లు తెరిస్తే సగం మంది నా చుట్టూ ఉన్నారు. గుమాస్తా గారు తన చోటే కూర్చుని, తల వంచుకుని ప్రార్థిస్తున్నారు. ఎవరికోసమో నేను అడగలేదు.

సోమవారం బస్సెక్కేటప్పుడు నాన్నగారు అడిగారు. "అక్కడ శుక్రవారం మ్యాచ్ పడితే?"

"తిని ఆడతాను నాన్నా. ముందుగా మాటివ్వను."

"సరే. మేముంటాం ఉపవాసం. నువ్వు తిను."

మొదటి వారంలోనే శుక్రవారం మ్యాచ్ పడింది. నాలుగు ఇడ్లీలు తిని ఆడి ఓడిపోయాను. తిన్నానని, ఓడానని రెండూ ఒకే కార్డులో రాసి ఇంటికి వేశాను. మర్నాడు రెండో ఊరికి రైలెక్కాను.