సీలైన్ దిబ్బ మీదికి మా ఆయన బండి ఎక్కించిన రోజు

వచ్చే నెలలో మేమిద్దరం కతార్ వదిలి రాయచోటికి వెళ్లిపోతున్నాం. దోహాలో, మదీనత్ ఖలీఫాలోని ఒకే ఇంట్లో ఇరవై రెండేళ్లు నేను వంట చేశాను, మా ఆయన డ్రైవరు. ఇంటి యజమానిని బాబా అంటాం. ఒకప్పుడు సీలైన్ ఇసుక దిబ్బ మీదికి బండ్లు ఎక్కించే పందేల్లో బాబాను మించినవాడు లేడు. ఆ బండిని సిద్ధం చేసేది మా ఆయనే, కానీ దిబ్బ మీద ఒక్కసారీ స్టీరింగు పట్టలేదు. మోకాళ్లు అరిగి పందేలు మానేసిన బాబా మొన్న తాళం మా ఆయన చేతిలో పెట్టి, "పోయేలోగా ఒక్కసారి నువ్వు ఎక్కించు" అన్నాడు. ఆయన ముఖం వెలిగిపోయింది. నాకు మాత్రం ఒకటే భయం. అరవై ఏళ్ల మనిషి, బీపీ ఉంది, బండి తిరగబడితే?

శుక్రవారం ఒంటిగంటన్నరకు ముగ్గురం బయలుదేరాం. మెసైమీర్ మీదుగా దక్షిణానికి వెళ్లి మిసయీద్ దాటితే సీలైన్, గంటంబావు పట్టింది. నేను పన్నెండు నీళ్ల సీసాలు, పులిహోర, బీపీ మాత్రలు, కట్టు గుడ్డలు సర్దుకున్నాను. "ఆస్పత్రి ఇంట్లోనే మరిచిపోయావా?" అని బాబా నవ్వాడు.

బాబా పందేలాడే రోజుల్లో దిబ్బ కింద బండ్లు బారులు తీరేవి. నేను డేరాలో మాంసం వేసి మచ్‌బూస్ అన్నం వండుతూ, ఇంజను గర్జించగానే కొంగు ముఖానికి అడ్డం పెట్టుకునేదాన్ని. పందేలన్నీ చెవులతోనే చూశాను. బండి కొన మీదికి చేరితే కిందివాళ్లందరూ ఒక్కసారిగా హారన్లు కొట్టేవారు. అవి విన్నాకే కళ్లు తెరిచేదాన్ని.

రోడ్డు ముగిసేచోట ఒక టైర్ల మనిషి పది రియాళ్లకు గాలి తగ్గించాడు. బాబా, మా ఆయన టీకి వెళ్లారు. టైర్లు చూస్తే చప్పిడిగా, నేలకు అతుక్కున్నట్టున్నాయి.

"నాయనా, వీటినిండా గాలి కొట్టు" అన్నాను.

అతను జగిత్యాలవాడు. "గాలి తీసిందే ఇసుకల పోనీకి గదా అక్కా! మళ్ల నింపుమంటవేంది?"

"మా ముసలాయనే నడిపేది. నా మాట విను."

"నీ ఇష్టం. మళ్ల పది రియాళ్లు."

మా ఆయన హడావిడిగా వచ్చి, టైర్ల వైపు చూడకుండానే ఎక్కాడు; బాబా, నేను దిబ్బ కిందే ఆగాం. బండి దిబ్బ మూడో వంతుకు పోయి, చక్రాలు ఇసుక తవ్వుకుని కూరుకుపోయింది. ఆయన దిగి టైరు తట్టి చూశాడు. ముఖం వాడిపోయింది. ఈ ఒక్క అవకాశాన్నీ నేనే చెడగొట్టానని అర్థమైంది. దగ్గరికి వెళ్లి ఒప్పుకున్నాను.

"ఏందే ఇది? ఇరవై రెండేండ్లు కొంగు కప్పుకుంటే ఇట్లనే ఐతాది!" అని ముందు అరిచి, తర్వాత నవ్వేశాడు. "గాలి తగ్గితే టైరు వెడల్పయి ఇసుక మీద తేలతాదే. ఈసారన్నా కండ్లు తెరుచుకోని చూడు."

ఇసుక తీసి, గాలి తగ్గించి, వెనక్కి దిగి మళ్లీ ఎక్కించాడు. "యల్లా, పద!" అని బాబా చేతికర్ర ఎత్తాడు. కొంగు చేతిలోనే ఉంది, ముఖానికి పెట్టుకోలేదు. బండి మెత్తగా, ఒక్క కుదుపు లేకుండా కొన మీదికి చేరింది. పక్కన ఉన్న నాలుగు బండ్లే హారన్ కొట్టాయి. నాకు చాలు.

ఇంత కాలం భయపడి, ఆయన సిద్ధం చేసిన బండి అంత అందంగా ఎక్కడాన్ని చూడకుండానే పోగొట్టుకున్నాను. ఆయన చేతులు ఎంత నేర్పుగలవో ఈ ఒక్క సాయంత్రం తెలిసింది. మీరు వెళ్తే ఇసుకలో దిగేముందు గాలి తగ్గించుకోండి, రోడ్డెక్కేముందు నింపించుకోండి. వెంట నాలాంటి మనిషి ఉంటే, టీకి ఆమెను కూడా తీసుకెళ్లండి.