పొనికి విమానం, ఇత్తడి రేకు

నోటీసు బోర్డు మీద అంటించిన ఆ కాగితంలో రెండే వాక్యాలున్నాయి. భౌతికశాస్త్ర ప్రయోగశాల అటెండరు గుండెపోటుతో మరణించినట్టు మొదటిది. అందుకు సంతాపంగా మధ్యాహ్నం తరగతులు ఉండవని రెండవది. మొదటి వాక్యం దగ్గర ఎవరూ ఆగలేదు. రెండవది చదివిన కుర్రాళ్ళు కొందరు అక్కడికక్కడే చప్పట్లు కొట్టి, మ్యాట్నీకి టైముందంటూ సైకిళ్ళెక్కారు. ఇరవై రెండేళ్ళపాటు ఆ గది తలుపు తీసి మూసిన మనిషికి మా కళాశాల ఇచ్చిన తొలి నివాళి ఆ చప్పట్లు.

రెండవ నివాళి మర్నాటి సంతాపసభ. శాఖాధిపతి గారు మూడు నిమిషాలు మాట్లాడారు. "వినయశీలి. ఏనాడూ ఎదురు చెప్పి ఎరగడు" అన్నారు. చర్చావేదికల మీద నేను ఎన్నో అబద్ధాలను ఖండించాను. చీటీలో ఆ పక్షమే వచ్చినప్పుడు కొన్నిటిని సమర్థించాను కూడా. ఇంత నింపాదిగా పలికిన అబద్ధాన్ని మాత్రం వినలేదు. అటెండరు గారు ప్రతిరోజూ ఎదురు చెప్పేవారు. కాకపోతే చివర 'అండీ' చేర్చేవారు. వినేవాళ్ళ చెవికి ఆ 'అండీ' ఒక్కటే ఆనేది.

ఈ వ్యాసంలో ఆయన పేరు రాయడం లేదు. మరిచిపోయి కాదు. ఆ పేరు ఎక్కవలసిన చోటు ఒకటుంది. అక్కడ ఎక్కేవరకు ఇక్కడ కూడా ఆయన అటెండరు గారే.

నూజివీడులో మా నాన్నది మామిడి వ్యాపారం. నిరుడు వేసవికి ముందు ఆయన మద్రాసు వెళ్ళి, మా తమ్ముడి కోసం రేడియోతో నడిచే బొమ్మకారు తెచ్చారు. చేతిలో పెట్టెమీది పుల్లలు కదిపితే తీగ లేకుండానే కారు పరుగెత్తేది. వారం తిరక్కుండా తమ్ముడు దాన్ని మెట్ల మీద నుంచి దూకించాడు. "మీ కాలేజీలో పడెయ్యి, దేనికన్నా పనికొస్తుందేమో" అన్నారు నాన్న. ప్రయోగశాల బల్ల మీద పెట్టాను. అటెండరు గారు మరలు విప్పి, మోటారును అరచేతిలో పెట్టుకుని కాసేపు చూశారు.

"ఇది కారు కాదమ్మా."

"మరేంటి?"

"విమానమండీ. చక్రాలు తగిలించి నేలకి కట్టేశారు, అంతే."

"నీకెలా తెలుసు?" అన్నాను.

అవును, 'నీకు' అన్నాను. మా నాన్న కంటే పెద్ద వయసు మనిషిని మేమందరం 'నువ్వు' అనేవాళ్ళం. ఆయన మమ్మల్ని 'మీరు' అనేవారు. సమానత్వం మీద ఉపన్యసించి గెలిచిన కప్పును చంకలో పెట్టుకుని వచ్చి, అదే నోటితో "మంచినీళ్ళు తే" అన్నదాన్ని నేను. ఆయన తెచ్చారు. తెచ్చి, "మీ ఉపన్యాసం కిటికీలోంచి విన్నానమ్మా. మూడో పాయింటు నిలబడదండీ" అన్నారు. శాఖాధిపతి గారు చెప్పిన వినయం ఇది.

వేసవి సెలవుల్లో, ప్రయోగశాల ఖాళీగా ఉండగా, విమానం మొదలుపెట్టారు. ఆగిరిపల్లి నుంచి రోజూ బస్సులో వచ్చి తలుపు తీసేవారు. చెక్కబొమ్మలు చేసేవాళ్ళ దగ్గర పొనికి కర్ర సంపాదించారు. ఎండితే చేతిలో ఉన్నట్టే తెలియనంత తేలిక అది. బ్లేడుతో ఆ కర్రను పలుచటి పలకలుగా కోసి, రెక్కకు పక్కటెముకలు చేశారు. పొడవునా వెదురు బద్ద వేశారు. పైన గాలిపటం కాగితం అంటించారు. ప్రొపెల్లరు టేకు ముక్కలోంచి చెక్కారు. కారులోని మోటారు ముందుకొచ్చింది, బ్యాటరీలు పొట్టలోకి వెళ్ళాయి, ముందు చక్రాలను పక్కకు తిప్పే మర తోకను పైకీ కిందికీ తిప్పడం నేర్చుకుంది. ప్రతి ముక్కనూ తక్కెడలో తూచేవారు. ఎక్కువైతే మళ్ళీ గీకేవారు.

"మోటారుకి బలం ఉందిగా, ఇంకా గీకడం దేనికి?" అని విసుక్కున్నాను ఒకసారి.

"మోసేది మోటారు కాదమ్మా, గాలి. గాలిని మొహమాట పెట్టకూడదండీ."

నా వంతు పని జిగురు పూయడం, వాదించడం. రెండోది బాగా చేసేదాన్ని.

రెక్క పూర్తయిన వారం ముసురు పట్టింది. జిగురు ఆరదు. ఆయన జ్వరమొచ్చి రెండు రోజులు రాలేదు. ఆగడం నాకు చేతకాదు. రెక్కను ఇంటికి తీసుకెళ్ళి, మా కొట్టులో కాయలు మాగబెట్టే గదిలో, చిన్న రసాల మధ్య ఎండుగడ్డిలో పడుకోబెట్టాను. ఆ గది పొయ్యి పక్కలా వెచ్చగా ఉంటుంది. వెచ్చదనం ఉంటే జిగురు ఆరుతుందనుకున్నాను. కాయలు ఊపిరి వదులుతాయని, ఆ గడ్డిలో ఉండేది వేడి మాత్రమే కాదు, చెమ్మ కూడా అని మామిడి వ్యాపారి కూతురిగా నాకు తెలిసి ఉండవలసింది. మూడో రోజుకు రసాలు రంగు తిరిగాయి. రెక్క కొసలు మెలితిరిగాయి.

రెక్కను చీరకొంగు కింద దాచుకుని ప్రయోగశాలకు వెళ్ళాను. ఆయన దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశారు.

"రెక్క మాగిందమ్మా!"

"ఎగతాళి చాలు. బాగవుతుందా లేదా?"

"రసాలకీ రెక్కకీ ఒకటే గడ్డి వేశారన్నమాట. ఇంకో రెండ్రోజులాగితే తినేవాళ్ళం" అని, కళ్ళవెంట నీళ్ళొచ్చేలా నవ్వారు. నేను ఏడుపు ఆపుకుంటున్నానని గమనించి నవ్వు ఆపేశారు. టీ కెటిల్ ఆవిరి మీద రెక్కను కాచి, బల్ల మీద అదిమి, ఇటుకలు పెట్టారు. మధ్యభాగం సరి అయింది. కొసలు మాత్రం ముందువైపు కాస్త కిందికి చూస్తూ ఉండిపోయాయి. వాటిని కూడా సరిచెయ్యమన్నాను.

"వద్దండీ. రెండూ సమంగా వంగాయి. ఇలాగే ఉండాలి."

"వంకర ఉంచేసి ఇలాగే ఉండాలంటావా?"

"ముక్కు మరీ పైకెత్తితే రెక్క గాలిని వదిలేస్తుందమ్మా. అప్పుడు కొసలు ముందు వదిలేస్తే విమానం పల్టీ కొడుతుంది. కొసలు కాస్త దించుకుని ఉంటే, అవి చివరిదాకా పట్టుకునుంటాయి."

ఈ సంగతి ఆయన ఎక్కడ చదివారో తరవాత తెలిసింది. శాఖ గ్రంథాలయంలో దుమ్ము దులిపేటప్పుడు, రోజుకో పేజీ చొప్పున, ఇంగ్లీషు పుస్తకాలను కూడబలుక్కుంటూ చదివేవారు. శాఖాధిపతి గారు ఒకసారి చూసి, "దులపమన్నాను, చదవమన్నానా?" అన్నారట. ఇంటర్ తప్పిన మనిషి, దులపడం మానకుండానే చదివారు.

ఉంగుటూరు వైపు కోతలైపోయిన వరి పొలంలో ఎగరేశాం. ఆయన పరుగెత్తి వదిలారు. పెట్టె నా చేతిలో ఉంది. మోటారు ఆపడానికి మీట లేదు. ఛార్జి ఉన్నంతసేపూ తిరుగుతుంది, అంతే. తాడిచెట్టు ఎత్తు దాటగానే నాకు గర్వం తలకెక్కి పుల్లను వెనక్కి లాగాను. విమానం ముక్కు ఆకాశానికెత్తి, గాలిలో నిలిచిపోయింది. పోయిందనుకున్నాను. అది పల్టీ కొట్టలేదు. తల వంచి, కొంత జారి, మళ్ళీ గాలినందుకుంది. నా తొందరకు వంగిన కొసలే నా తొందర నుంచి దాన్ని కాపాడాయి. కొన్ని నిమిషాలకు ఛార్జి అయిపోయి, చప్పుడు ఆగింది.

"కరెంటు అయిపోయింది! ఇప్పుడేం చెయ్యాలి?" అని అరిచాను.

"ఏం చెయ్యకండి. విమానం ఇప్పుడే మొదలైంది" అన్నారాయన, తువ్వాలు భుజాన వేసుకుని, అది దిగే చోటుకు తీరిగ్గా నడుస్తూ.

ఇక నేరం సంగతి. అందులో నా భాగం దాచను. బెజవాడలో వైజ్ఞానిక ప్రదర్శన జరిగింది. ఇంగ్లీషులో పది నిమిషాలు మాట్లాడాను. న్యాయనిర్ణేత ఒకరు, "దీన్ని తయారు చేసిందెవరు?" అని సూటిగా అడిగారు. "శాఖాధిపతి గారి మార్గదర్శకత్వంలో మా శాఖ" అన్నాను. అలా చెప్పమని ఆ ఉదయమే శాఖాధిపతి గారు నాకు చెప్పి ఉంచారు. ఎదుటివాడి ప్రతి వాక్యాన్నీ చీల్చి చూసే నేను ఆ ఒక్క వాక్యాన్నీ చీల్చలేదు. అటెండరు గారు నా వెనకే నిలబడి, పంకా గాలికి లేవకుండా రెక్క కొసను రెండు వేళ్ళతో పట్టుకుని ఉన్నారు. మొదటి బహుమతి వచ్చింది. తిరుగు బస్సులో, "బాగా మాట్లాడారమ్మా. ఒక్క ముక్క తడబడలేదు" అన్నారు. ఎత్తిపొడిచి ఉంటే ఈపాటికి నేను కోలుకునేదాన్ని. ఆయన మనస్ఫూర్తిగానే అన్నారు.

విమానం శాఖాధిపతి గారి గదిలో అద్దాల పెట్టెలోకి చేరింది. పెట్టెకు ఇత్తడి రేకు, రేకు మీద రెండు పేర్లు: శాఖాధిపతి గారిది, నాది. సరిచేయించాలని ఆనాడే అనుకున్నాను. పరీక్షలయ్యాక అడుగుదామనుకున్నాను. పరీక్షలు అయ్యాయి. అటెండరు గారు ఆగలేదు.

ఆగిరిపల్లిలో సమాధి కార్యక్రమం అయ్యాక, ఆయన భార్య నా చెయ్యి పట్టుకున్నారు.

"విమానం అమ్మాయిగారు మీరేనా? ఇంటికొస్తే మీ కబుర్లేనండీ. వాదన మొదలెడితే మీరు ఆపరంటగా? అవునూ, ఆ విమానం ఎలా ఉంటుందమ్మా? నేను చూళ్ళేదు."

చూడలేదు. ఎవరి చేతులు దాన్ని చేశాయో ఆ మనిషి ఇంటివాళ్ళే దాన్ని చూడలేదు. శుక్రవారం ఆయన గొడుగు, క్యారేజీ తీసుకెళ్ళడానికి కాలేజీకి వస్తానన్నారావిడ, అప్పుడు చూపిస్తానన్నాను. ఆమెకు చదవడం వచ్చు. ఆ రేకు చదువుతారు.

గురువారం శాఖాధిపతి గారిని అడిగాను.

"పోయినవాడికి పేరెందుకమ్మా? నీకైతే రేపు పై చదువుల దరఖాస్తులో పనికొస్తుంది."

"ఆయన పేరు పెట్టండి. వద్దంటే నా పేరు తీసెయ్యండి."

"అటెండరు పేరు ఎక్కించే పద్ధతి మన దగ్గర లేదు."

"దులిపేవాళ్ళు చదివే పద్ధతీ లేదు కదండీ!"

"నువ్వు వేదిక మీద లేవు" అన్నారు.

నిజమే, లేను. వేదిక మీద ఉన్నప్పుడు మాట్లాడవలసింది మాట్లాడలేదు కనకనే ఇప్పుడు ఆ గదిలో నిలబడ్డాను. ప్రయోగశాలకు వెళ్ళి, అటెండరు గారి సొరుగులోంచి కారును విప్పిన స్క్రూడ్రైవరే తెచ్చి, శాఖాధిపతి గారి కళ్ళముందే నాలుగు మరలూ విప్పి, రేకును ఆయన బల్ల మీద పెట్టాను. దీనికి నా మీద విచారణ జరుగుతుందట. జరగనివ్వండి. నా వాదన సిద్ధంగా ఉంది, ఈసారి మూడో పాయింటు కూడా నిలబడుతుంది.

శుక్రవారం ఆవిడ వచ్చారు. గొడుగు చంకలో పెట్టుకుని, అద్దాల పెట్టె ముందు చాలాసేపు నిలబడ్డారు. తరవాత కింద చెక్క మీది రంధ్రాలను వేలితో తడిమారు.

"ఇక్కడేదో ఊడిపోయినట్టుందమ్మా."

"ఊడిపోలేదండీ. పెట్టాల్సింది ఇంకా పెట్టలేదు."

ఆవిడ తలూపారు. చీరకొంగుతో అద్దం మీది దుమ్మును, ఒక మూల నుంచి మొదలుపెట్టి, తొందర లేకుండా తుడిచారు. తుడిచినకొద్దీ లోపల పొనికి రెక్క తేటపడింది, రెండు కొసలూ కాస్త కిందికి చూస్తూ.