వెనక్కి పిలవని హోటల్

పట్నంలో పెద్ద హోటల్ ఎలా ఎంచుకోవాలని ఎవరైనా అడిగితే నా దగ్గర ఒకటే సలహా ఉంది. నేను ఆ రోజు చేసినవేవీ మీరు చేయకండి. నాకు చదువంటే సంతకం వరకే. కాబట్టి నోటితో చెప్పి రాయిస్తున్నాను. నా నోటి సంగతి ఈ కథ అయ్యేసరికి మీకే తెలుస్తుంది.

మా అక్కతో కలిసి వెళ్ళాను. అక్క అంటే తోడబుట్టిన అక్క కాదు, తోడికోడలు. అన్నదమ్ములిద్దరినీ చేసుకుని జువ్వలదిన్నెకు కాపురానికి వచ్చాం. వాళ్ళిద్దరూ పోయారు. మేమిద్దరం మిగిలాం, మా గంపలు మిగిలాయి. పడవల దగ్గర చేపలు కొనడం, బిట్రగుంట వీధుల్లో తిరిగి అమ్మడం, అదే మా బతుకు.

అక్క కడుపులో గడ్డ ఉందని తేలింది. ఇప్పుడు తీసేస్తే బతుకుతుంది, ఆలస్యం చేస్తే నేను మాట ఇవ్వలేను అని చెప్పింది డాక్టరమ్మ. మొదట నెల్లూరులోనే అక్కను ఆపరేషన్ గది ముందు దాకా తీసుకెళ్ళాం. నేనూ అక్క కొడుకూ మందులు కొనుక్కొచ్చేలోపు బల్ల మీద మనిషి లేదు. ఇంటికొచ్చి చూస్తే వాకిట్లో కూర్చుని కానాగంత చేపలు తోముతోంది. "పులుసు పెడతా, అన్నం తినిపోండి" అంది, ఏమీ జరగనట్టు.

చివరికి చెన్నైలో చేయించుకోవడానికి ఒప్పుకుంది. ఒక్క షరతు పెట్టింది.

"ముందు రోజు పెద్ద హోటల్లో ఉండాల. గాజు పక్కన కుర్చీలో కూచోని, కాళ్ళు పైన పెట్టుకోని, కాఫీ తాగాల. ఆ పక్కరోజు ఏం కోసుకుంటారో కోసుకోండి."

ఆ కోరిక ఈనాటిది కాదు. వయసులో ఉన్నప్పుడు ఎండుచేపలు వేసుకుని ఇద్దరం చెన్నై వెళ్ళేవాళ్ళం. ఒకసారి బస్సు ఆగితే, పక్కనున్న హోటల్ అద్దంలోంచి ఒకావిడ కనబడింది. చెప్పులు విప్పేసి, కాళ్ళు బల్ల మీద చాపుకుని కాఫీ తాగుతోంది. ఆమెను లేవమనేవాళ్ళు లేరు. అదే సమయంలో మా బస్సు కండక్టరు "గంప పక్కకు లాగమ్మా, కంపు" అని అరుస్తున్నాడు. అక్క ఆ గాజు వైపే చూస్తూ ఉండిపోయింది.

షరతు వినగానే అక్క కొడుకు ఫోన్‌లో రెండు హోటళ్ళు తీశాడు. ఒకటి సముద్రం పక్కన, ఇంకోటి ఊరి నడుమ. డబ్బుకు అక్క చీటీ పాడుకుంది. "ఏదో ఒకటి చెప్పు పిన్నమ్మా, ఇప్పుడే బుక్ చేసేస్తా" అన్నాడు. ఫోటోలు చూశాను. రెండింట్లోనూ అదే తెల్ల పక్క, అదే పళ్ళ పళ్ళెం.

"ఫోటోలో కుళ్ళిన వంజరం చేప కూడా నిగనిగలాడతాది రా. నువ్వు గమ్మునుండు. నేను కళ్ళతో చూసి బేరం చేస్తా" అన్నాను.

"అది హోటల్, పిన్నమ్మా. చేపల రేవు కాదు."

"యాడైనా సరుకు సరుకే."

ఇంత గొప్ప మాట అన్న మనిషిని కాబట్టి, బిట్రగుంటలో రైలెక్కి ఆపరేషన్‌కి ముందు రోజు పొద్దున చెన్నైలో దిగి, అక్కను వెంటబెట్టుకుని సముద్రం పక్క హోటల్‌కి నేరుగా వెళ్ళాను. వాకిట్లో తలపాగా పెట్టుకున్నాయన తలుపు తీసి దండం పెట్టాడు. నేనూ తిరిగి దండం పెట్టాను. మళ్ళీ పెట్టాడు. మళ్ళీ పెట్టాను. అక్క నా జబ్బ పట్టి లోపలికి లాగకపోతే సాయంత్రం దాకా అక్కడే ఉండేవాళ్ళం.

కౌంటరులో ఉన్న పిల్లకు కొంచెం తెలుగు వచ్చు. గది చూపించమన్నాను. అక్క రాలేదు. "నువ్వు చూసిరా మే" అని, గాజు గోడ పక్కనున్న మెత్తటి కుర్చీలో కూర్చుంది.

పైన గదిలో నాకు తెలిసిన పరీక్షలన్నీ చేశాను. చేప పొట్ట నొక్కి చూస్తామే, లోపలికి పోయిన గుంట మళ్ళీ పైకి వస్తే తాజాది అని, అలా పరుపు నొక్కి చూశాను. వచ్చింది. దుప్పటి ఎత్తి మొప్పలు చూసినట్టు అడుగున చూశాను. బాత్రూంలో వాసన పట్టాను. వంక పెట్టడానికి ఏమీ దొరకలేదు. కానీ వంక పెట్టకపోతే బేరం ఎలా మొదలవుతుంది? కిటికీ దగ్గరికి పోయి, "సముద్రం మురిగ్గా ఉండాదే" అన్నాను.

ఆ పిల్ల నిజంగా బాధపడింది. "సారీ అమ్మా, సముద్రం మా చేతిలో లేదు" అంది.

కిందికొచ్చాక రేటు చెప్పింది. నేను సగానికి అడిగాను. నవ్వి, తల అడ్డంగా ఊపింది. అయితే ఇక మిగిలింది నడక.

మా రేవులో బేరం అలాగే తెగుతుంది. సగానికి అడుగుతాం, కాదంటే గంప ఎత్తుకుని వెనక్కి తిరిగి నడుస్తాం. కాస్త దూరం పోయేలోపు "అక్కా, రా, రా, పట్టుకపో" అని వెనకనుంచి పిలుపు వస్తుంది. పిలిచినవాడు ఓడినట్టు, వెళ్ళినవాళ్ళ మాట ఖాయమైనట్టు. పిలవకుండా మనంతట మనమే తిరిగి వెళ్ళామో, ఆ రేవులో మళ్ళీ తలెత్తుకోలేం.

నేను సంచి చంకన పెట్టుకుని వెనక్కి తిరిగాను. అక్క అప్పటికే చెప్పులు విప్పి, ఎదురుగా ఉన్న పీట మీద కాళ్ళు పెట్టుకుని ఉంది. ఎవరో కాఫీ కూడా తెచ్చి ఇస్తున్నారు. చెయ్యి పట్టి లేపాను.

"యాడికి మే? ఇంకా తాగలా."

"లెయ్. నడువు. ఎనక్కి చూడబాక. పిలస్తారు."

నా జన్మలో అంత నిదానంగా నడవలేదు. పెళ్ళిలో కూడా. తలుపు దాకా వచ్చాం. పిలుపు లేదు. తలపాగా ఆయన తలుపు తీసి మళ్ళీ దండం పెట్టాడు. బయట ఎండ. ప్రహరీ పక్కన నీడలో నిలబడ్డాను.

"పిలవలా మే" అంది అక్క.

"ఉండు. లెక్క చూసుకుంటా ఉంటారు."

ఒక్కరూ రాలేదు. మేం అక్కడ నిలబడ్డామని కూడా వాళ్ళకు తెలియదని నాకు అర్థమయ్యేసరికి చెమటకు జాకెట్టు తడిసిపోయింది.

"పోయి అడుగు, వాళ్ళు చెప్పిన రేటుకే. నా దుడ్డే గదా" అంది అక్క.

"మనంతట మనం పోతామా? నవ్వరా?"

"ఎవురు నవ్వుతారు మే? యాడుండారు ఇక్కడ మన రేవోళ్ళు?"

నిజమే. జువ్వలదిన్నె మనిషి ఒక్కరు కూడా లేరు అక్కడ. అయినా నా కాళ్ళు లోపలికి పోలేదు. నా రోషం ఊరు దాటినా నాతో టిక్కెట్టు లేకుండా వచ్చింది. ఆటో పిలిచి ఊరి నడుమనున్న రెండో హోటల్‌కి తీసుకుపోయాను. అక్కడ నోరెత్తకుండా అడిగినంతా కట్టేశాను. అంత మర్యాదగా నేనెప్పుడూ దేనికీ డబ్బు కట్టలేదు.

గది గొప్పగానే ఉంది. కిటికీ తెర లాగితే పక్క మేడ గోడ. గోడకు నీళ్ళ గొట్టాలు. కింద హాల్లో కుర్చీలున్నాయి కానీ గాజు పక్కన ఒక్కటీ లేదు. కాఫీ గదికే తెప్పించాను. అక్క మంచం అంచున కాళ్ళు కిందికి వేలాడేసుకుని తాగింది.

"బాగుందా?" అన్నాను.

"ఊఁ. గొట్టాలు బాగుండాయి."

అంతకుమించి పడుకునేదాకా మాట్లాడలేదు. తిట్టినా బాగుండేది. అక్క మాట్లాడకపోతే మనసులో ఇంటికి బస్సెక్కుతున్నట్టు లెక్క.

తెల్లారి ఆస్పత్రికి వెళ్ళాం. నర్సు బట్టలిచ్చి మార్చుకోమంది. అక్క ఆ బట్టలు మడత కూడా విప్పకుండా ఒళ్ళో పెట్టుకుంది.

"అమ్మణ్ణీ, ఒక్కరోజు ఆగండి. నిన్న పోయినామే, ఆ మొదటి హోటల్లో ఒక్కరోజు ఉండి రేపొస్తా."

"అట్లా కుదరదమ్మా. డాక్టరు వచ్చేశారు" అంది నర్సు, రాసుకుంటూ.

అక్క బట్టలు బల్ల మీద పెట్టింది. చెప్పులు వేసుకుంది. వెనక్కి తిరిగి నడిచింది.

నర్సు పిలవలేదు. ఆమెకు వేరే పనుంది. అక్క వరండాలో పోతోంది, నిదానంగా, మరీ నిదానంగా. పారిపోయేవాళ్ళు అలా నడవరు. ఆ నడక నాకు తెలుసు. నిన్న నేను నడిచిందే. నెల్లూరులో కూడా ఇలాగే నడిచిందేమో, వెనక పిలవడానికి ఎవరూ లేకపోయిందేమో.

"అక్కా! రా, రా! నీ మాటే ఖాయం!" అని అరిచాను. రేవులో అరిచే గొంతు అది. వరండాలో ఉన్నవాళ్ళంతా తిరిగి చూశారు. నర్సు చేతిలో కలం పడిపోయింది.

అక్క ఆగింది. తిరగలేదు.

"ఏం ఖాయం?"

"నీకు బాగయినాక ఆ మొదటి హోటలే. గాజు పక్కన కుర్చీనే."

"వాళ్ళు చెప్పిన రేటుకేనా?"

"వాళ్ళు చెప్పిన రేటుకే."

"సముద్రానికి వంకలు పెట్టవు గదా?"

"నోరు తెరిస్తే ఒట్టు."

"నీ నోరు!" అంటూ తిరిగి వచ్చింది. బట్టలు తీసుకుని, చెప్పులు విప్పి నా చేతికిచ్చింది. లోపలినుంచి ఆమెను బయటికి తెచ్చేదాకా వాటిని ఒళ్ళోనే పెట్టుకుని కూర్చున్నాను.

గడ్డ తీశారు. కుట్లు మానాయి. ఇప్పుడు గంప ఎత్తవద్దన్నారు కాబట్టి పొద్దస్తమానం నా పక్కన కూర్చుని, హోటల్‌కి ఎప్పుడు పోదామని గుర్తుచేయడమే ఆమె పని. నేనే వాయిదా వేస్తున్నాను. ఆ కౌంటరు పిల్ల నన్ను గుర్తుపడుతుందని, తలపాగా ఆయన మళ్ళీ దండం పెడతాడని నా భయం.

"నువ్వు బయట నీడలో నిలబడు మే" అంటోంది అక్క. "నేను లోపలికి పోయి కూచోని, గాజులోంచి నిన్ను పిలస్తా."