గొళ్ళెం తీయించిన మాస్టారు

కిందటి నెల ఒక ఆదివారం పొద్దున్న, జంషెడ్‌పూర్ సీతారాండేరాలో మా ఇంటి ముందు స్కూటర్ తుడుచుకుంటుంటే సూరి వచ్చాడు. సూరి నా కాలేజీ స్నేహితుడు, టెల్కో కాలనీలో ఉంటాడు. ఎప్పుడొచ్చినా వీధి మలుపు నుంచే కేకలేసుకుంటూ వచ్చే మనిషి ఆ రోజు గేటు పట్టుకుని నిలబడిపోయాడు. "ఒరే, మాస్టారు ఎల్లిపోనారు" అన్నాడు. ఏ మాస్టారని నేను అడగలేదు. మాకు చదువు చెప్పినవాళ్ళు చాలామందే ఉన్నారు గానీ, మా ఇద్దరికీ మాస్టారంటే ఒక్కరే. రాత్రి శుభ్రంగా అన్నం తిని పడుకున్నారట, తెల్లారి లేవలేదట.

ఆయన మా కాలేజీ డ్రిల్ మాస్టారు. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి అగ్రికోలో కాపురం పెట్టారు. గ్రౌండులోకి ముందు ఆయన పొట్ట వచ్చేది, తరవాత ఆయన వచ్చేవారు. ఈల తాడు మెడలో వేసుకోకుండా చెవికి చుట్టుకునేవారు. పంట్లాం జేబులో వేయించిన వేరుశనగ గింజలు ఉండేవి. పందెంలో గెలిచినవాడికి వాటిలో ఒక్కటీ దక్కేది కాదు, చిట్టచివర వచ్చినవాడికి గుప్పెడు దొరికేవి. "గెలిచినోడికి గెలుపుంది కదేటి, ఈడికేటుంది పాపం" అనేవారు. ఆ గింజల కోసం కావాలని వెనకబడ్డ వెధవలు కూడా ఉన్నారు. వాళ్ళని ఇంకో చుట్టు పరిగెత్తించి, ఆ తరవాతే పెట్టేవారు.

ఎమర్జెన్సీ ఎత్తేసిన రోజులవి. మా కుర్రాళ్ళందరికీ కండల పిచ్చి. క్షవరం షాపులో ఒక వస్తాదు కేలెండరు ఉండేది. జుట్టు పెరిగినా పెరగకపోయినా దాన్ని చూడ్డానికి పోయేవాళ్ళం. నేను పదిహేను వందల మీటర్లు పరిగెత్తేవాణ్ణి. బక్కప్రాణం, ఊపిరి పీలిస్తే పక్కటెముకలన్నీ బయటపడేవి. అందుకని జెర్సీ లోపల రెండు బనియన్లు తొడిగేవాణ్ణి. జంషెడ్‌పూర్ ఎండలో రెండు బనియన్లంటే ఏమిటో ఊహించుకోండి. ఒళ్ళంతా చెమటపొక్కులు, అయినా విప్పేవాణ్ణి కాదు. సూరి ఇనప గుండు విసిరేవాడు. మంచి దిట్టమైన మనిషి, కాస్త పొట్ట. నడుస్తున్నంతసేపూ ఊపిరి బిగబట్టి దాన్ని లోపలికి లాక్కునేవాడు. ఎవరైనా పలకరిస్తే ఊపిరి వదలాలి కాబట్టి తలూపి ఊరుకునేవాడు. వాడికి పొగరని చాలామంది అనుకునేవారు.

శనివారం ప్రాక్టీసు అయ్యాక నూనె రాసుకోవడం మాస్టారు పెట్టిన పద్ధతి. అందరూ చొక్కాలు విప్పి కుళాయి దగ్గర వరసగా కూర్చోవాలి, ఎవడి ముందున్నవాడి వీపుకి వాడు ఆవనూనె పట్టించాలి. రాస్తూ ఆ ఒళ్ళు ఆ వారం ఏం పని చేసిందో పైకి చెప్పాలి. ఈ భుజం జావెలిన్‌ని నీళ్ళ టాంకీ దాకా పంపింది, ఈ నడుము పడిపోయినా మళ్ళీ లేచింది, అలాగ. "సూపు మాటలొద్దురా, పని మాటలు సెప్పండి" అనేవారు. చొక్కా విప్పగానే చాలామంది సిగ్గుతో చేతులు రెండూ గుండెల మీద అడ్డంగా కట్టుకునేవాళ్ళు. దాన్ని మాస్టారు గొళ్ళెం అనేవారు. "గొళ్ళెం తియ్యరా, ఒంటికి గాలాడనీ" అంటూ వరస వెంబడి తిరిగేవారు.

నేనూ సూరీ మటుకు ప్రతి శనివారం తప్పించుకునేవాళ్ళం. నాకు జలుబు, వాడికి మేనమామ ఇంట్లో పని. భయమేస్తే మా నోట హిందీ వచ్చేసేది. "సర్, తబియత్ ఠీక్ నహీ హై" అని, ఒంట్లో బాగాలేదని చెబితే మాస్టారు చెవి దగ్గర ఈల సర్దుకుని, "అబద్దం హిందీలో సెప్తే నిజమైపోద్దేట్రా?" అనేవారు. కానీ ఎప్పుడూ బలవంతం చెయ్యలేదు.

ఇంతలో అంతర్ కళాశాల పోటీలు దగ్గరపడ్డాయి. ఆ ఏడు అందరికీ చేతుల్లేని బనియన్లు కుట్టించారు. ఆ బనియన్‌లో నా పక్కటెముకలు దాగవు. సూరి పొట్టా దాగదు. అప్పుడు మాకొక బ్రహ్మాండమైన ఆలోచన వచ్చింది. నాకు ఒళ్ళు రావాలి, వాడికి తగ్గాలి. రోజూ మధ్యాహ్నం వాడి కేరేజీ కూడా నేనే తినేస్తే ఇద్దరి పనీ అయిపోతుంది. సూరి వాళ్ళమ్మ చేసే వంకాయ కూర సంగతి ఏం చెప్పను, నేనైతే మనసారా తిన్నాను. వాడు పక్కన కూర్చుని మంచినీళ్ళు తాగుతూ చూసేవాడు.

చివరికి నాకొచ్చింది కండ కాదు, కడుపుబ్బరం. రెండో చుట్టుకే డొక్కలో పోటు. సూరి గుండు రోజురోజుకీ దగ్గరకొచ్చి పడుతోంది. ఒకరోజు ఎండలో కళ్ళు తిరిగి ఆ గుండు పక్కనే వాడూ పడ్డాడు. మాస్టారు వాణ్ణి నీడలోకి లాగి, మొహాన నీళ్ళు కొట్టి, ఏం తిన్నావని అడిగారు. "సబ్ ఠీక్ హై సర్" అన్నాడు. మాస్టారు నా వైపు తిరిగారు. నేను సరిగ్గా అప్పుడే త్రేన్చాను.

ఆయన తిట్టలేదు. మర్నాడు అందరి ముందూ, "ఒరే, వీళ్ళిద్దరూ ఒళ్ళు మార్చేసుకుంతన్నారు. ఇయ్యాల పనులు కూడా మార్చుకుంతారు" అన్నారు. గుండు నా చేతికిచ్చారు. నేను విసిరితే అది నా బొటనవేలి పక్కనే పడింది. సూరి అర చుట్టు పరిగెత్తి కంచె పట్టుకుని కూలబడ్డాడు. గ్రౌండంతా పడీ పడీ నవ్వింది, మేమూ నవ్వాం. కానీ నవ్వుతూనే సూరి కళ్ళు తుడుచుకున్నాడు. "నాకు ఆ బనియన్ వద్దు సార్, పేరు కొట్టేయండి" అన్నాడు. ఈసారి తెలుగులోనే అన్నాడు. నాదీ అదే మాట.

మాస్టారు వంగి తన పంట్లాం మోకాళ్ళ దాకా మడిచారు. ఆయన్ని నిక్కరులో మేమెన్నడూ చూడలేదు, మండుటెండలోనూ పంట్లామే. అంత పొట్ట కింద కాళ్ళు రెండూ కందిపుల్లల్లా ఉన్నాయి. ఎవడో కిసుక్కుమన్నాడు.

"నవ్వండి, పర్లేదు. మా ఆవిడ తప్ప ఎవులూ సూడనేదు వీటిని" అన్నారు. "ఈ కాళ్ళే నన్ను మా ఊరి నుంచి ఇక్కడికి తెచ్చినాయి. రోజూ సైకిలు తొక్కుతన్నాయి. అయినా సిగ్గుపడి దాసినాను. మీకు సెప్తన్నాను గానీ, నా గొళ్ళెం ఇన్నాళ్ళూ నానే తియ్యనేదు."

ఆ శనివారం ఆయన ఖాకీ నిక్కరు వేసుకుని వచ్చారు. వరసలో మా ముందు కూర్చుని కాళ్ళు చాపారు. నేనూ సూరీ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. సూరి ముందు విప్పాడు. తరవాత నేను నా రెండు బనియన్లూ తీశాను. వీపుకి గాలి తగిలింది, ఆ సుఖం ఇప్పటికీ గుర్తుంది. నా వీపుకి నూనె రాస్తూ సూరి, "ఈ గుంటడి ఊపిరితిత్తులు గట్టివి, నా కేరేజీ మొత్తం తిని కూడా పరిగెట్టినాడు" అన్నాడు.

పోటీలో నేను రెండోవాణ్ణి. సూరికి పతకం రాలేదు గానీ గుండు వాడు ఎన్నడూ వెయ్యనంత దూరం పోయింది. మేం ఒక్కొక్కరం బరిలో నిలబడ్డప్పుడు దూరం నుంచి మాస్టారు రెండు వేళ్ళతో గొళ్ళెం లాగినట్టు సైగ చేశారు. ఆయన కాళ్ళు అక్కడికి కూడా కనబడ్డాయి. ఆ తరవాత ఆయన నిక్కరు వదల్లేదు, బజారుకీ అదే, ప్రిన్సిపాల్ గదిలోకీ అదే.

ఆ ఆదివారం మేం అగ్రికో చేరేసరికి ఆయనకి ఆఖరి స్నానానికి నీళ్ళు పెట్టారు. కొడుకు ఆయన తలకి నూనె పెట్టాక, మేం పిన్నీ అని పిలిచే మాస్టారి భార్య ఆవనూనె గిన్నె మా వైపు జరిపింది. "కాళ్ళకి మీరు రాయండ్రా. ఆటిని బయటికి తెప్పించింది మీరే కదేటి" అంది. చెరో కాలికి రాశాం. సూరి అలవాటు ప్రకారం, ఏ కాలు ఏం పని చేసిందో నెమ్మదిగా చెప్పడం మొదలుపెట్టాడు, సగంలో ఆగిపోయాడు. మిగతాది నేను చెప్పాను.

పాడె మోసేవాళ్ళం చొక్కాలు విప్పాం. అన్నీ అయ్యాక సువర్ణరేఖలో మునిగి లేచాం. ఆయన పాత కుర్రాళ్ళు చాలామందే వచ్చారు, బొర్రలు పెరిగినవాళ్ళు, బట్టతలలవాళ్ళు, నాలా ఇంకా పక్కటెముకలు కనబడేవాళ్ళు. సూరి పొట్ట ఇప్పుడు నిక్షేపంగా బయటికే ఉంది. ఒడ్డున ఎండలో తడి ఒళ్ళతో వరసగా నిలబడ్డాం. చలిగాలి వేసింది. ఒక్కడు కూడా చేతులు గుండెల మీద కట్టుకోలేదు.