ఫరహత్‌కి కనపడని అరవై నాలుగు బొమ్మలు

నాకు కోపం ఎక్కువ. దాచిపెట్టి లాభం లేదు, గవర్నరుపేటలో మా ఆఫీసు మెట్ల కింద కళ్లద్దాలు అమ్మే ఆయనక్కూడా తెలుసు. నేను పైన అరిస్తే కింద తన బేరాలు చెడిపోతున్నాయని ఆయన గోల. పేరు జ్ఞానేశ్వరి. పద్నాలుగేళ్లుగా నలుగురు మనుషులతో వెబ్‌సైట్లు చేసే చిన్న ఆఫీసు నడుపుతున్నాను. అయితే ఇది నా కథ కాదు. ఫరహత్ కథ.

ఫరహత్‌ది వించిపేట. ఎప్పుడో ఎం.సీ.ఏ. చదివింది. పెళ్లి, పిల్లలు, ఇల్లు, అలా పదహారేళ్లు గడిచిపోయాయి. భర్త జాహిద్ మంచివాడే. కానీ ఆమె చదువుని ఇంట్లో అందరూ పాత పెళ్లి చీరలా చూసేవారట. బీరువాలో ఉంది సరే, ఇప్పుడు ఎవరు కడతారు అన్నట్టు. నలభై ఒకటో ఏట కూతురి లాప్‌టాప్ ముందు కూర్చుని మళ్లీ మొదటి నుంచీ నేర్చుకుంది. ఇంటర్వ్యూలో, "ఇన్నేళ్లూ ఏం చేశావమ్మా?" అని అడిగాను. "మర్చిపోకుండా ఉండటానికి తంటాలు పడ్డానండీ" అంది. ఆ జవాబు నాకు నచ్చింది. మూడు నెలలు చూస్తాను, పని వస్తే ఉంచుకుంటాను, రాకపోతే లేదు అని చెప్పి తీసుకున్నాను.

మూడో నెల ఆఖర్లో కొండపల్లి బొమ్మల సంఘం వాళ్ల పని ఆమె చేతికిచ్చాను. సైటు తెరవగానే అంబారీ ఏనుగూ, ఎద్దుబండీ, తాడిచెట్టు ఎక్కే మనిషీ, మొత్తం అరవై నాలుగు బొమ్మలు వరసగా కనపడాలి. ఇందులో ఒక తిరకాసుంది. విస్తరి ముందు వేస్తారు, వడ్డన తరవాత వస్తుంది. పేజీ కూడా అంతే. ముందు తను తెరుచుకుంటుంది, బొమ్మల జాబితా ఎక్కడో ఉన్న సర్వరు నుంచి కాస్త ఆగి వస్తుంది. వచ్చాక పేజీ తనని తాను మళ్లీ గీసుకోవాలి. ఆ పని చేసే ముక్కని మేం కాంపొనెంట్ అంటాం. దాన్ని ఆరేళ్ల కిందట నేనే రాశాను. మా సైట్లన్నిట్లోనూ అదే వాడతాం. ఫరహత్ చేయాల్సిందల్లా దాన్ని బొమ్మల పేజీలో పెట్టి, పైన తెలుగు, ఇంగ్లీషు బటన్లు రెండు అమర్చడం.

సోమవారం పేజీ తెరిచింది. పైన సంఘం పేరుంది, రెండు బటన్లున్నాయి. కింద తెల్లగా ఖాళీ.

"జాబితా రావట్లేదేమో చూడు" అన్నాను.

"వస్తోంది మేడం. లెక్కపెట్టాను కూడా. అరవై నాలుగూ వచ్చాయి."

"వస్తే కనపడాలి కదా!"

"అదేనండీ నాకూ తెలీడం లేదు."

వెళ్లి చూశాను. నిజమే. తెర వెనక పరీక్షించుకునే కిటికీలో అరవై నాలుగు బొమ్మలూ పేర్లతో సహా ఉన్నాయి. పేజీలో ఒక్కటీ లేదు. తినడానికి వచ్చినవాళ్లు వీధరుగు మీద ఉన్నారు, ఇంట్లో మాత్రం ఎవరూ లేరు! నా బుర్ర కూడా తిరిగింది. కానీ తిరిగిందని ఒప్పుకుంటే పెద్దరికం ఏం కాను? "ఏదో పొరపాటు చేసుంటావు, సరిగ్గా చూసుకో" అని వచ్చేశాను.

మంగళవారం పొద్దున్నే మొహం వెలిగిపోతూ వచ్చింది. "మేడం, రాత్రి ఇంట్లో మా అత్తగారికి చూపిస్తే అన్నీ కనపడ్డాయండీ!" తీరా ఆఫీసులో తెరిస్తే మళ్లీ ఖాళీ. ఇంటి నెట్టు మంచిదా, ఇక్కడి నెట్టు చెడ్డదా అని ఆమె నసిగింది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది నీ వరస. శుక్రవారం పదకొండింటికి బొమ్మల సంఘం తరఫున శరత్‌చంద్రగారు కొండపల్లి నుంచి వస్తారు. ఆయన ముందు ఈ పేజీ కనపడకపోతే సోమవారం నుంచి నువ్వు రానక్కర్లేదు" అన్నాను. ఆఫీసంతా విన్నారు. కింద కళ్లద్దాలాయన కూడా వినే ఉంటాడు.

బుధవారమంతా ఫరహత్ తను రాసిన ప్రతి లైనూ చెరిపి మళ్లీ రాసింది. కంప్యూటరు మార్చింది, ఫోనులో తెరిచింది. భోజనం డబ్బా మూత కూడా తియ్యలేదు. సాయంత్రం ఏడింటికి, "నాకు మతి పోతోందేమోనండీ" అంది, నాతో కాదు, తెరతో. ఆ మాట నాకు గుచ్చుకుంది. గుచ్చుకున్నా ఊరుకున్నాను.

గురువారం మధ్యాహ్నం ఆమె వెనకాలే ఓ పెద్దావిడ మెట్లెక్కి వచ్చింది. ఫరహత్ అత్తగారు, అన్వరీ బేగం. డెబ్బై దాటి ఉంటుంది. ఆయాసం తీర్చుకుని చక్కటి తెలుగులో చెప్పింది.

"రేపటితో ఉద్యోగం అయిపోద్దని కోడలు చెప్పిందమ్మా. ఇన్ని రోజులు ఎక్కడికెళ్లిందో, ఏ కుర్చీలో కూర్చుందో ఒకసారి చూసిపోదామని వచ్చాను. తప్పా?"

"అయ్యో, తప్పేముందండీ, కూర్చోండి" అన్నాను. మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఆవిడ కోడలి కుర్చీలోనే కూర్చుంది. "ఏదీ, ఆ బొమ్మలు పెట్టవే" అంది. ఫరహత్ పేజీ తెరిచింది. ఖాళీ. "ఇక్కడ రావు అమ్మీ" అని తల తిప్పేసుకుంది.

"రాకపోవడమేంటి? ఇంగ్లీషులో పెడితే నాకేం తెలుస్తది?" అంటూ ఆవిడ చూపుడువేలితో మౌసు తడిమి, తెలుగు అని ఉన్న బటన్ నొక్కింది.

అరవై నాలుగు బొమ్మలూ ఒక్కసారిగా వచ్చి నిలబడ్డాయి.

"నువ్వు వంటింట్లో ఉన్నప్పుడు, ఇంట్లో కూడా ఇట్టాగే నొక్కాను కదే" అంది ఆవిడ, మేమెందుకు గుడ్లప్పగించి చూస్తున్నామో అర్థంకాక.

నేనూ ఫరహతూ ఇంగ్లీషు చదువుకున్నవాళ్లం కదా, ఆ బటన్ జోలికి మేం పోలేదు. భాష మారిస్తే పేజీ తనని తాను మళ్లీ గీసుకుంటుంది. అప్పుడే బొమ్మలు కనపడుతున్నాయి. అంటే జాబితా వచ్చినప్పుడు పేజీ మళ్లీ గీసుకోవడం లేదు. ఎందుకు? కుర్చీ లాక్కుని కాంపొనెంట్ తెరిచాను. వచ్చిన బొమ్మల్ని అది తనలో ఉన్న పాత జాబితాలోకే కుక్కుతోంది. అదే బుట్టలో సర్దితే ఏదో మారిందని పేజీకి కబురే అందదు. బుట్టే మార్చాలి, కొత్త జాబితా చేతికివ్వాలి. మరి ఆరేళ్లుగా మిగతా సైట్లలో ఎలా నడిచింది? వాటిల్లో సరుకు వచ్చేదాకా ఓ చక్రం తిరుగుతుంది. అది ఆగినప్పుడు పేజీ మళ్లీ గీసుకుంటుంది, ఆ ఊపులో జాబితా కూడా కనపడిపోయేది. ఆ చక్రం చూస్తే తమవాళ్లు ఫోను చెడిపోయిందనుకుంటారని శరత్‌చంద్రగారు ఈ పేజీలో దాన్ని ముందే తీయించేశారు. దాంతో అసలు రోగం బయటపడింది.

ఆ లైను ఎవరు రాశారో పక్కనే పేరుంటుంది. జ్ఞానేశ్వరి.

అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్త కుండ అంటారు. ఇక్కడ కుండ నేను కొట్టి, నాలుగు రోజులు కోడలి నెత్తిన వేశాను. నిజమైన అత్తగారేమో ఎదురుగా కూర్చుని ఎద్దుబండి చూసి మురిసిపోతోంది.

"తప్పు నాదమ్మా" అన్నాను. అందరికీ వినపడేట్టే అన్నాను, అరిచినప్పుడు అందరికీ వినపడింది కాబట్టి. "నువ్వు ఎక్కడికీ వెళ్లడం లేదు. రేపు శరత్‌చంద్రగారికి చూపించేది కూడా నువ్వే."

ఫరహత్ సంతోషిస్తుందనుకున్నాను. ఆమె ఆ లైను వంకే చూస్తోంది.

"ఇది నాకు సోమవారమే తేడాగా అనిపించిందండీ."

"ఏంటీ? మరి చెప్పలేదేం?"

"మీరు రాసింది కదా మేడం. మీరు తప్పు రాశారనుకోవడం కంటే నాకు బుర్ర లేదనుకోవడమే తేలికనిపించింది. పదహారేళ్లుగా అలవాటే కదండీ."

కుర్చీ ఆమె వైపు తిప్పుకుని అడిగాను.

"నేను రాసినవాటిలో నీకు తేడాగా అనిపించినవి ఇంకేమైనా ఉన్నాయా?"

ఫరహత్ అత్తగారి వైపు చూసింది, నా వైపు చూసింది.

"చెప్పమంటారా?"

"చెప్పు."

"తొమ్మిదున్నాయండీ."